‘అసలు ప్రతులు’ అని చెప్పి దొంగ ముద్రణలు అంటగడుతున్నారు: ‘సోల్ స్క్రీమర్స్’ సెట్ కొనబోయేవారు జాగ్రత్త

రేచల్ విన్సెంట్ ఇంగ్లీషులో రాసిన ‘సోల్ స్క్రీమర్స్’ ఫాంటసీ నవలల కోసం మనలో చాలామంది వెతుకుతున్నారని నాకు తెలుసు. నేను ఆలస్యం చేస్తే మరొకరు అదే మనిషికి డబ్బు కట్టేస్తారు కాబట్టి, కోపం ఇంకా చల్లారకపోయినా ఈ రోజే రాస్తున్నాను. దొరకని ఇంగ్లీషు పుస్తకాలు తెప్పించి ఇస్తానని ఆన్‌లైన్‌లో తరచుగా ప్రకటనలు పెట్టే ఆ అమ్మకందారు ఎవరో, పేరు చెప్పకపోయినా పాత పుస్తకాలు కొనే అలవాటున్నవారికి అర్థమవుతుంది. ఆయన ప్రకటనలో ‘దిగుమతి చేసిన అసలు ప్రతులు, ఏడు పుస్తకాలూ వరుసగా, ఒక్క పుట కూడా చెదరలేదు’ అని స్పష్టంగా ఉంది. ఫొటోలు కూడా అసలు పుస్తకాలవే. అడిగిన ధర తక్కువేమీ కాదు, మొత్తం ముందే చెల్లించాను.

వచ్చినవి ఆ ఫొటోల్లోని పుస్తకాలు కావు. హార్లెక్విన్ టీన్ ప్రచురణగా 2009లో వెలువడిన ‘మై సోల్ టు టేక్’ మొదలుకొని 2013లో వచ్చిన ‘విత్ ఆల్ మై సోల్’ వరకు ఏడు నవలల పేర్లూ అట్టల మీద ఉన్నాయి గానీ, లోపల ఉన్నది ఎవరో ఈ-బుక్ ఫైలు నుంచి తీసిన ప్రింటు. కొటేషన్ గుర్తులు ఉండవలసిన చోట్ల ఖాళీ డబ్బాలు ఉన్నాయి, పంక్తి మధ్యలో మాటలు అడ్డగీతతో విరిగిపోయాయి, కొత్త అధ్యాయం పుట అడుగున రెండు పంక్తులతో మొదలవుతోంది. ప్రచురణకర్త పేరు, సంవత్సరం, హక్కుల వివరాలు ఉండే పుట ఏ పుస్తకంలోనూ లేదు. అట్ట మీది బొమ్మ చెదిరిపోయి, రచయిత్రి పేరు చివరి అక్షరం కత్తిరింపులో పోయింది.

ఇంతవరకైతే మోసపోయామని బాధపడి ఊరుకునేవారు ఉంటారేమో. కానీ మొదటి నవలలో, తానెవరో, ఇంట్లో పెద్దలు ఇన్నేళ్లూ తన దగ్గర ఏం దాచారో కథానాయిక కేలీకి తెలియడం మొదలైన చోట, ఒక వాక్యం సగంలో ఆగిపోయింది. తర్వాతి పుటలో మరో అధ్యాయం మధ్య నుంచి కథ సాగుతోంది. ఈ నవల చదివినవారికి ఆ భాగం విలువ చెప్పనక్కరలేదు. చదవనివారి కోసం, కథ బయటపెట్టకుండా కొంచెం చెబుతాను. ఈ కథకు మూలమైన బాన్షీ ఐర్లండు జానపద సంప్రదాయంలో మరణానికి కారకురాలు కాదు. కొన్ని పాత వంశాలలో ఎవరైనా పోబోతున్నప్పుడు ఆ ఇంటి చుట్టూ ఏడ్చి ముందుగా తెలియజేసే స్త్రీ. విన్సెంట్ ఆ ఏడుపుకు ఒక పని అప్పగించింది. టెక్సస్‌లో చదువుకుంటున్న కేలీ అనే పదహారేళ్ల అమ్మాయికి, దగ్గరలో ఎవరైనా చనిపోబోతుంటే గొంతు చించుకుని అరవాలనే ఆవేశం తన్నుకొస్తుంది. అది పిచ్చి అనుకున్నవాళ్లు ఆమెను ఒకప్పుడు మానసిక చికిత్సాలయంలో కూడా పెట్టారు. నిజానికి ఆ కేక దేహం విడిచిన ప్రాణాన్ని కాసేపు గాలిలో నిలిపి ఉంచగలదు. అదే బాన్షీ జాతికి చెందిన పురుషుడు ఆ ప్రాణాన్ని తిరిగి దేహంలోకి చేర్చగలడు. అయితే ప్రాణాలు తీసుకుపోయే రీపర్ల దగ్గర చిత్రగుప్తుడి చిట్టా లాంటి జాబితా ఒకటి ఉంటుంది, వాళ్ల లెక్క తప్పకూడదు. ఒకరిని వెనక్కి తెస్తే ఆ స్థానంలో మరొకరు పోవలసిందే.

నన్ను ఈ నవల వైపు లాగింది ఆ నియమమే. మన ఆదిపర్వంలో రురుడు పాము కరిచిన ప్రమద్వరను బ్రతికించుకోవడానికి తన ఆయుష్షులో సగం ఇస్తాడు. అక్కడ ఇచ్చేవాడు తెలిసి, ఇష్టపడి ఇస్తాడు. ఇక్కడ ఆ మూల్యం ఎవరు చెల్లిస్తారో కాపాడేవారి చేతిలో లేదు. మన లోకం మీదే పరుచుకుని, కంటికి కనిపించకుండా ఉన్న నెదర్‌వరల్డ్ గురించి తర్వాతి నవలల్లో వచ్చేదంతా ఈ పునాది మీదే నిలుస్తుంది. సరిగ్గా ఆ పుటలే నా ప్రతిలో లేవు.

నేను మర్యాదగానే వాట్సాప్‌లో సందేశం పంపాను. పుటలు లేని చోటును, హక్కుల పుట లేకపోవడాన్ని ఫొటోలు తీసి పెట్టి, సెట్ వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వమని అడిగాను. చాలాసేపటి తర్వాత వచ్చిన జవాబు ఇది: “మేడం, పోయిన పేజీల్లో ఏముందో నేనే చెప్తాను, దానికి పుస్తకం వాపసు ఎందుకు?” ఆ వెంటనే మరో సందేశంలో, నేను అడగకుండానే, మొదటి నవలలో చనిపోయే అమ్మాయిల చావుల వెనుక ఎవరున్నారో, చివరికి ఎవరు పోతారో మొత్తం రాసేశాడు. అంతటితోనూ ఆగలేదు, ఐదో నవలలో కేలీకి ఏమవుతుందో కూడా రాసి, “ఇప్పుడు మీకు కథంతా తెలిసిపోయింది కదా మేడం, ఇంక గొడవ లేదు” అని ముగించాడు. అది చదివి నాకు చేతులు వణికాయి. డబ్బు ఎప్పటికైనా తిరిగి రావచ్చు. తెలియకుండా చదివే అవకాశం మాత్రం ఒక్కసారే ఉంటుంది, దాన్ని ఆ మనిషి కావాలనే తీసేశాడు. పుస్తకాలు అమ్ముకుని బ్రతికే మనిషికి చదివేవారి పట్ల ఇంత తిరస్కారం ఉండగలదని నేను ఎన్నడూ అనుకోలేదు.

ఇవి దొంగ ముద్రణలు కదా అని నిలదీస్తే, ఆ పుస్తకాలు ఇక్కడ దొరకవు కాబట్టి ప్రింటు తీసి ఇవ్వడం సేవేనని వాదించాడు. 1957 నాటి కాపీరైటు చట్టం 63వ సెక్షన్ ప్రకారం ఇలా తెలిసి చేసే ఉల్లంఘనకు ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలుశిక్ష ఉంది. రచయిత్రికి ఒక్క రూపాయి చేరని కాగితాల కట్టను అసలు పుస్తకం ధరకు అమ్మి, దాన్ని సేవ అనడం నేను ఒప్పుకోను. తర్వాత ఆయన నన్ను బ్లాక్ చేశాడు. అమ్మకం జరిగిన వేదికకు నేను పెట్టిన ఫిర్యాదు మీద ఇంకా నిర్ణయం రాలేదు.

కొనబోయేవారికి చెప్పవలసినవి కొన్నే. డబ్బు కట్టే ముందు హక్కుల పుట ఫొటో, లోపలి నుంచి మీరు అడిగిన ఏదో ఒక పుట ఫొటో తప్పకుండా తెప్పించుకోండి; అట్ట ఫొటో, పుస్తకాన్ని గుర్తించే ఐఎస్‌బీఎన్ సంఖ్య ఎవరైనా కాపీ చేయగలరు. పార్సెల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. ప్రకటనను స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి, ఎందుకంటే నేను ఫిర్యాదు చేసిన వెంటనే ఆయన ప్రకటనలోంచి ‘అసలు ప్రతులు’ అన్న మాట తీసేశాడు. నకిలీ వస్తువునైనా, ప్రకటనలో చెప్పినట్టు లేని వస్తువునైనా వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనడానికి 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాలు ఒప్పుకోవు. వేదిక తరఫు ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పి, నెలలోపు పరిష్కరించాలి. అక్కడ పని జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఇదే మనిషి దగ్గర ఇదే సెట్ ఇప్పటికే కొన్నవారు ఉంటే, మొదటి నవలలో పుటల సంఖ్యలు ఈ రోజే సరిచూసుకుని, వాపసు గడువు దాటకముందే ఫిర్యాదు పెట్టండి.