కోరంగిలో ముత్తాత దొరకలేదు, 3,000 మాత్రం పోయాయి

పాత రికార్డులు తీయిస్తామని ఫోన్లో ఎవరైనా అడ్వాన్సు అడిగితే ఇవ్వకండి. ముందు ఈ మాట చెప్పేసి తర్వాత ప్రయాణం సంగతి చెప్తాను. ఎందుకంటే నేను ఇచ్చాను.

అమ్మ వాళ్ల తాత ఓడ కళాసి. రంగూన్ స్టీమర్లలో పనిచేసి, సరంగు, అంటే కళాసీల పెద్ద, అయ్యి, అక్కడే సంసారం పెట్టాడు. 1941 డిసెంబర్లో జపాన్ వాళ్లు రంగూన్ మీద బాంబులు వేశాక, ఆయన కొడుకు, అంటే మా తాత, ఏడేళ్ల వయసులో అరకాన్ కొండల మీదుగా చిట్టగాంగ్ దాకా నడిచి వచ్చాడు. ముత్తాత రాలేదు. చివరికి వాళ్లు విశాఖలో కంచరపాలెం బర్మా క్యాంపులో తేలారు. ఇప్పటికీ అమ్మ పుట్టింటిని పాతవాళ్లు "సరంగు గారి ఇల్లు" అనే అంటారు. అయితే ఆ సరంగు ఏ ఊరి నుంచి ఓడెక్కాడో ఎవరికీ తెలీదు. ట్రంకు పెట్టెలో ఆయన ఓడ పని దిగినప్పటి డిశ్చార్జి కాగితం ఒకటి మిగిలింది. నాలుగు మడతలు, మడత పడ్డ చోటల్లా చిరుగు. పై అంచు చిరిగిపోవడంతో గడుల పేర్లు పోయాయి. ఒక గడిలో మాత్రం ఇంగ్లీషులో "కోరింగీ" అని టైపు చేసి ఉంది. దాన్ని చూసే మూడు తరాలుగా "మనది కోరంగి" అనుకుంటున్నాం.

బయల్దేరే ముందు ఇంట్లో కూర్చుని రెండు నెలలు వెతికాను. 1915 నాటి బ్రిటిషు వర్తక నౌకల సిబ్బంది జాబితాలు ఇంటర్నెట్లో ఉచితంగా ఉన్నాయి. మన కళాసీల పేర్లు మాత్రం గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాసుకున్నాడు, ఇంటిపేర్ల గొడవే లేదు. మా ముత్తాతదేమో వీధికి నలుగురికి ఉండే పేరు. ఫ్రాన్సులో ఎక్స్-అన్-ప్రొవాన్స్ ఆర్కైవ్స్ వాళ్లు పాత యానాం జనన, మరణ, పెళ్లి రిజిస్టర్లు కూడా పైసా తీసుకోకుండా చూడనిస్తారు. అన్నీ ఫ్రెంచి చేతిరాత. రెండు రాత్రులు చూసేసరికి కళ్లు మంటలు తప్ప ఏమీ రాలేదు. అయినా ఆ ఉచితంగా దొరికిన వాటి మీద నాకు ఫిర్యాదు లేదు.

ఫిర్యాదంతా మన దగ్గరి దస్తావేజుల బ్రోకర్ మీదే. తెలిసినవాళ్ల ద్వారా ఫోన్లో దొరికాడు. "మీ ఇంటిపేరు పాత డైగ్లాట్‌లో ఉంది సార్, తీసి పెట్టాను, వచ్చి చూసుకోండి" అన్నాడు. డైగ్లాట్ అంటే బ్రిటిషు కాలపు భూముల రిజిస్టరు. 3,500 ఫోన్‌పే చేశాను. డైగ్లాట్ అన్న మాట వినగానే నాకు నమ్మకం వచ్చేసింది, అదీ నా తెలివి.

అమ్మ, చిన్న మామయ్య, నేను. రైలు బాగానే ఉంది. కాకినాడలో లాడ్జి 1,800, ఏసీ గదని చెప్పి తీసుకున్నారు. ఏసీ శబ్దం ఉంది, చల్లదనం లేదు. ఇరవై నాలుగు గంటలని చెప్పి, పొద్దున పదకొండింటికే తలుపు కొట్టారు. బిల్లు అడిగితే మిషన్ పాడైందన్నారు. అమ్మ రాత్రంతా కిటికీ దగ్గరే కూర్చుంది. వేడికి కాదట, "మన ఊరు పక్కనే ఉందిరా, నిద్రెలా పడుతుంది" అంది.

బ్రోకర్ ఒక టీ కొట్టు దగ్గరికి రమ్మన్నాడు. కవర్లోంచి జిరాక్సులు తీశాడు. ఇంటిపేరు మాదే, నిజమే. దాంతో పాటు వంద రూపాయల స్టాంపు పేపరు మీద ఒక వంశవృక్షం టైపు చేయించాడు, సంతకానికి చోటు వదిలి మరీ. అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని వేలు ఆనించి కిందికి చదువుతూ ఒక గీత దగ్గర ఆగింది. మా ముత్తాత పేరు, పక్కన "1928లో స్వగ్రామమందు మరణము".

"మా నాన్న పుట్టింది ముప్పై నాలుగులో కదా బాబూ" అంది మెల్లిగా.

మామయ్య టీ గ్లాసు కింద పెట్టి, "అక్కా, అయితే తాత పోయిన ఆరేళ్లకి నాన్నని కన్నాడన్నమాట" అన్నాడు. టీ కొట్టతను కూడా నవ్వాడు. బ్రోకర్ నవ్వలేదు. జిరాక్సులకి, తిరుగుళ్లకి అయిందని చెప్పి 500 వెనక్కిచ్చాడు. మిగతా 3,000 అడిగితే, స్టాంపు పేపరు మీ దగ్గరే ఉంచుకోండి సార్, ఎక్కడైనా పనికొస్తుంది అన్నాడు!

కోరంగికి ఆటో, రానూపోనూ 900. బస్సులో వెళ్లొచ్చు, కానీ అమ్మ మోకాళ్లు ఒప్పుకోలేదు. ఒకప్పుడు ఓడలు కట్టిన చోటంటే నమ్మడం కష్టం. ఇప్పుడు రోడ్డు పక్కన ఇళ్లు, ఆ వెనక మడ అడవులు. మడ అడవి చూడ్డానికి వెళ్తే సాయంత్రం వెళ్లండి, మధ్యాహ్నం దోమలూ ఉక్కా కలిసి తరుముతాయి. ఊళ్లో నలుగురిని అడిగితే ఒక రిటైర్డ్ మాస్టారి ఇల్లు చూపించారు. ముందుగా చెప్పకుండా వెళ్లినా కూర్చోబెట్టి, అమ్మకి మజ్జిగ ఇచ్చి, కాగితాన్ని వెలుగుకి పట్టి చూశారు.

"రంగూన్ నుంచి వచ్చిన ప్రతివాళ్లూ మాది కోరంగి అనే అంటారు బాబూ" అన్నారు. బర్మాలో తెలుగువాళ్లందరినీ కోరంగీలనేవాళ్లట, ఎక్కడివాళ్లైనా సరే. 1930లో రంగూన్ రేవులో బర్మావాళ్లకీ కోరంగీలకీ కొట్లాటలని చదువుతామే, ఆ కోరంగీలంటే తెలుగు హమాలీలే. "ఇది ఊరు గడి అయుండదు, జాతి గడి అయుంటుంది. అసలు కోరంగి రేవు 1839 తుఫానుకి దెబ్బతింది, ఆ తర్వాత మేట వేసింది. మీ తాత పుట్టేనాటికి ఓడలన్నీ కాకినాడకి మళ్లాయి."

అమ్మ ఏమీ అనలేదు. తెచ్చుకున్న చిన్న స్టీలు డబ్బా, మట్టి కోసం తెచ్చుకున్నది, సంచిలోకి తోసేసింది. అది చూసి మాస్టారే ఇబ్బంది పడి మళ్లీ కాగితం తీసుకున్నారు. కింద స్టాంపు ముద్ర మధ్యలో సిరాతో ఏదో ఉంది. మేం ఓడ పేరనుకునేవాళ్లం. ఫోన్లో ఫొటో తీసి పెద్దది చేస్తే చివరి అక్షరాలు మాత్రం కనిపించాయి, "పటం" అని. ముందుదంతా ముద్ర కింద పోయింది.

"ఇది ఊరే. కానీ ఏ పట్నమో! భీమునిపట్నం, కళింగపట్నం, విశాఖపట్నం, మచిలీపట్నం, అప్పటి ఇంగ్లీషులో అన్నీ పటాలే" అన్నారు.

తర్వాత తాళ్లరేవు దగ్గర పేరు కూడా లేని మెస్సులో తిన్నాం. భోజనం 120. ఎండు మెత్తళ్లు వంకాయ, చింతపండు తక్కువ, కారం ఎక్కువ, నూనె పైకి తేలి ఉంది. రెండో ముద్దకి అమ్మ ఆగిపోయింది. "ఇది మా నాయనమ్మ చెయ్యిరా. ఆవిడ ఇలాగే మెత్తళ్ల తలలు తీయకుండా వేసేది. మనది ఇక్కడే." వంటావిడని బయటికి పిలిపించి మరీ అడిగింది. ఆవిడది శ్రీకాకుళం జిల్లాట, ఇక్కడికి కోడలిగా వచ్చిందట. మామయ్య మూడోసారి అన్నం పెట్టించుకుంటూ "బారువ నుంచి బందరు దాకా అందరూ మన చుట్టాలేలే అక్కా" అన్నాడు. ఈ ప్రయాణంలో డబ్బుకి న్యాయం జరిగింది ఆ 360 రూపాయలకే.

యానాం మామయ్య కోసం వెళ్లాం, ఎందుకో చెప్పక్కర్లేదు. గోదావరి ఒడ్డు బాగుంది.

మీ ఇంట్లో ఇలాంటి కాగితం ఉంటే ముందు దాన్ని మంచి స్కానర్లో పెట్టించండి. మా వీధిలో పేజీకి పది రూపాయలు. ఊళ్లో పెద్దల దగ్గరికి మొదట వెళ్లండి, ఆఫీసుల దగ్గరికి తర్వాత, బ్రోకర్ దగ్గరికి అసలు వద్దు. మొత్తం మాకు 11,400 అయింది, మామయ్య యానాం ఖర్చు కాకుండా.

రాత్రి రైల్లో తుని దాటాక అమ్మ నిద్రపోయిందనుకున్నాను. కళ్లు మూసుకునే అడిగింది.

"భీమిలికి స్టేషన్ దగ్గర్నుంచే కదరా బస్సు?"

"అవును, 900-కె నంబరు బస్సు."

"ఆధార్ చూపిస్తే నాకు ఊరికేనే. మీ ఇద్దరికే టికెట్టు" అని స్టీలు డబ్బా ఉన్న సంచి తల కింద పెట్టుకుంది.