కాళ్లూ చేతులూ చల్లబడితే డాంగ్ గుయ్ సి ని టాంగ్: ఐదు వారాలు తాగాక

మాదాపూర్‌లో మా ఆఫీసు ఏసీ కింద మే నెలలో కూడా నా వేళ్లు ఐసుముక్కలే, ఇక డిసెంబర్‌లో రెండు జతల సాక్సులు వేసుకుని పడుకునేదాన్ని. అది చూసి మా వదిన సింగపూర్‌లో ఓ చైనా మందుల షాపు నుంచి డాంగ్ గుయ్ సి ని టాంగ్ అనే ఈ మందు డబ్బా తెచ్చింది. వేడినీళ్లలో కలుపుకునే పొడి. రెండు స్టార్లు ఇస్తున్నాను, అవీ వదిన మొహం చూసి.

మూత తీస్తే వామూ ఎండు వేర్లూ కలిసిన వాసన. స్టీలు గ్లాసులో చెంచాడు వేసి ఎంత తిప్పినా అడుగున బంకలా ఉండ మిగులుతుంది. మొదట తీపి, వెంటనే చేదు, నాలుక చివర కాస్త తిమ్మిరి. అమ్మ ఒక గుక్క తాగి, "దాల్చినచెక్క, అతిమధురం, రేగుపళ్లేగా, బేగంబజార్‌లో దొరకవటే?" అంది. సగం నిజమే. ఉన్నవి ఏడు దినుసులు, డాంగ్ గుయ్ వేరు మాత్రం మన కషాయాల్లో వేసేది కాదు. సుమారు 1800 ఏళ్ల కిందట జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు కాళ్లూ చేతులూ చల్లబడి నాడి దారంలా సన్నగిల్లినవాళ్లకి రాసిన మందు ఇది, అందులో రేగుపళ్లే 25.

తాగిన అరగంటకి ఒళ్లు వెచ్చబడేది, అబద్ధం చెప్పను. "ఉత్త వేడినీళ్లు తాగినా అంతేగా" అని మా ఆయన అంటే పంతానికి మూడు రోజులు అవే తాగాను, మందుకీ వాటికీ చేతుల్లో పెద్ద తేడా తెలియలేదు!

అసలు చిరాకు లేబుల్‌తో. ఈ మందులో ము టాంగ్ అనే తీగ వేస్తారు. దాదాపు అదే పేరున్న గువాన్ ము టాంగ్ వేరే మొక్క, అందులోని అరిస్టోలోకిక్ ఆమ్లం కిడ్నీలు పాడుచేస్తుంది, 2003లో చైనాయే దాన్ని మందుల్లోంచి తీసేసింది. ఈ మందులోని షి షిన్ అనే ఇంకో దినుసుదీ గువాన్ ము టాంగ్ కుటుంబమే. డబ్బా మీద మొక్క పూర్తి పేరు లేదు, టెస్ట్ రిపోర్టూ లేదు. షాపుకి మెయిల్ పెడితే "అంతా సహజమే మేడమ్" అన్నారు. ఆ రోజే ఆపేశాను.

తర్వాత డాక్టర్ రక్తపరీక్ష రాస్తే హిమోగ్లోబిన్ 9, ఇప్పుడు ఐరన్ మాత్రలు నడుస్తున్నాయి. మిగిలిన సగం డబ్బా మా అత్తయ్యగారు అడిగారు, ఆవిడకి బీపీ ఉంది, రక్తం పల్చబడే మాత్ర కూడా వాడుతున్నారు. అతిమధురం బీపీని పెంచుతుంది, డాంగ్ గుయ్ ఆ మాత్రతో కలిస్తే రక్తస్రావం కావచ్చు, అందుకే అయిపోయిందని చెప్పి డబ్బా దాచేశాను.