కూపర్స్‌టౌన్ బేస్‌బాల్ మ్యూజియం: ఎఫా మ్యాన్లీ కోసం వెళ్తే ఎలా చూడాలి

న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్‌లో ఉన్న నేషనల్ బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో, అంటే బేస్‌బాల్ గొప్పవాళ్లను చేర్చుకుని గౌరవించే మ్యూజియంలో, ఇప్పటివరకు చోటు దక్కిన మహిళ ఒక్కరే, ఎఫా మ్యాన్లీ. ఆవిడ ఆటగత్తె కాదు, తెల్లవాళ్ల పెద్ద లీగ్‌లోకి రానివ్వని నల్లజాతి ఆటగాళ్ల నీగ్రో లీగ్స్‌లో న్యూవార్క్ ఈగల్స్ జట్టు యజమాని. మ్యూజియం తప్పక చూడదగ్గదే. కాకపోతే అందరూ చూసే వరసలో చూస్తే ఆవిడ కెరీర్ మీ చేతికి చిక్కదు.

చోటు దక్కినవాళ్ల కంచు ఫలకాల గ్యాలరీ కింది అంతస్తులోనే ఉంది కాబట్టి చాలామంది నేరుగా అందులోకి దూరతారు. అక్కడే తేడా కొడుతుంది. ఫలకాలు ఎవరు ఏ ఏడు చేరారన్న వరసలో ఉంటాయి, అక్షర క్రమంలో కాదు. ఆవిడ చేరిన 2006లో ఏకంగా 18 మంది ఉన్నారు. ఒకే తీరు ఫలకాలు, ఒక్కోదానిమీద నాలుగు ముక్కలు. సంగతి తెలియకుండా నిలబడితే రెండు క్షణాల్లో దాటేస్తారు. ముందు రెండో అంతస్తుకెళ్లి నల్లజాతి బేస్‌బాల్ ప్రదర్శన, ఆ తర్వాత మహిళల ప్రదర్శన ‘డైమండ్ డ్రీమ్స్’ చూసి, గ్యాలరీని ఆఖరికి పెట్టుకోండి.

ఇంతకీ తెలియాల్సిన ఆ సంగతి డబ్బు లెక్క. 1935లో భర్త ఏబ్ బ్రూక్లిన్‌లో జట్టు పెట్టి మరుసటేడు న్యూవార్క్‌కు మార్చారు. ఆటగాళ్లను ఏరుకునేది ఆయన. కాంట్రాక్టులు, జీతాలు, ప్రయాణాలు, ప్రచారం ఆవిడవి. 1946లో జట్టు నీగ్రో లీగ్స్ చాంపియన్‌ను తేల్చే నీగ్రో వరల్డ్ సిరీస్ గెలిచింది. అంతకుముందే ఈగల్స్ ఆటగాడు డాన్ న్యూకమ్‌ను పెద్ద లీగ్ జట్టు బ్రూక్లిన్ డాడ్జర్స్ పైసా ఇవ్వకుండా పట్టుకుపోయింది. నీగ్రో లీగ్స్ కాంట్రాక్టులకు విలువే లేదన్నది పెద్ద జట్ల ధోరణి. ఎఫా ఊరుకోలేదు. 1947లో తన ఆటగాడు లారీ డోబీ కోసం పెద్ద లీగ్‌లోని క్లీవ్‌లాండ్ జట్టు యజమాని బిల్ వెక్ 10,000 డాలర్లు కట్టారు, డోబీ అక్కడ 30 రోజులు నిలిస్తే మరో 5,000. తర్వాత మరో ఈగల్స్ ఆటగాడు మాంటీ ఇర్విన్‌నూ డాడ్జర్స్ ఊరికే తీసుకోబోతే ఆవిడ అడ్డం తిరిగారు. డాడ్జర్స్ వెనక్కి తగ్గింది, 1949లో మరో పెద్ద జట్టు న్యూయార్క్ జెయింట్స్ 5,000 డాలర్లు చెల్లించి ఆయన్ను తీసుకుంది. మంచి ఆటగాళ్లు పెద్ద లీగ్‌కు పోయాక ప్రేక్షకులూ వాళ్ల వెంటే పోయారు. 1948 సీజన్ అయ్యాక జట్టును అమ్మేయక తప్పలేదు. ఇంత పోరు ఒక ఫలకంలో ఎక్కడ పడుతుంది?

మ్యూజియంలో నాకు నచ్చని విషయం ఒకటుంది. ఆడవాళ్ల కథ ఒకచోట, నల్లవాళ్ల కథ ఇంకోచోట. ఎఫా రెండింటికీ చెందిన మనిషి, ఆ ముడి చూసేవాళ్లే వేసుకోవాలి.

జూలై చివర్లో కొత్తవాళ్లను చేర్చుకునే వారాంతంలో మాత్రం వద్దు, ఆ చిన్న ఊళ్లో గది దొరకదు. మామూలు వేసవి రోజుల్లో ఊరి అంచున ఉన్న పార్కింగ్‌లో కారు పెట్టి ట్రాలీ ఎక్కడం సుఖం. న్యూజెర్సీ ఎడిసన్ నుంచి దాదాపు నాలుగు గంటల డ్రైవ్, పొద్దున్నే బయల్దేరినా అదే రోజు తిరిగొస్తే హడావిడే, రాత్రి ఆగడం మేలు. అక్కడి మన తెలుగువాళ్లకు ఇంకో వెసులుబాటు ఉంది: ఈగల్స్ జట్టు కాగితాలు పక్కనున్న న్యూవార్క్ పబ్లిక్ లైబ్రరీలోనే ఉన్నాయి. వీలైతే ముందు వాటిని చూసి, ఆ తర్వాత కూపర్స్‌టౌన్ వెళ్లండి. చూడాలంటే లైబ్రరీకి ముందుగా ఫోన్ చేసి అడగండి.