పడమటి అద్దాల గోడ: సాయినగర్ అద్దె ఇంట్లో మూడు వేసవులు

అనంతపురంలో లగ్జరీ అపార్టుమెంటు అంటే ఏమేమి ఉంటాయో చూసినవాళ్లందరికీ తెలుసు. లిఫ్టు, జనరేటరు, సెల్లార్‌లో కారుకు చోటు, గేటు దగ్గర కెమెరా. వాటి జోలికి నేను పోవడం లేదు. నేను చెప్పదలచుకున్నది హాల్లో పడమటి వైపు గోడకు బదులు పెట్టిన అద్దం గురించి. నేల నుంచి పైకప్పు దాకా, పన్నెండు అడుగుల వెడల్పు, జరిపే తలుపులతో సహా. ఈ రెండు పడకగదుల ఇల్లు మేము తీసుకున్నది దాన్ని చూసే. మూడేళ్లుగా తంటాలు పడుతున్నదీ దానితోనే.

ఇల్లు చూడటానికి 2022 నవంబరులో వెళ్లాము. సాయంత్రం ఐదు దాటింది. వాచ్‌మన్ తలుపు తీయగానే హాలంతా కుంకుమ చల్లినట్టుంది. నాలుగో అంతస్తు కాబట్టి అడ్డంగా ఏమీ లేదు. కింద నీళ్ల ట్యాంకులు, మిద్దెల మీద ఆరేసిన చీరలు, దూరంగా బోడి గుట్టలు, వాటి వెనక దిగిపోతున్న సూర్యుడు. మా ఆయన అద్దె ఎంతని కూడా సరిగా వినలేదు. పద్దెనిమిది వేలు, నిర్వహణకు మరో రెండు వేలు. ఈ ఊరికి అది ఎక్కువే. సరేనన్నాము. ఆ వాచ్‌మన్ తెలివైనవాడు, మమ్మల్ని మధ్యాహ్నం రమ్మనలేదు.

మొదటి నాలుగు నెలలు నేను ఈ అద్దాన్ని పొగిడిన పొగడ్తలు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంటుంది. కాలేజీ స్టాఫ్ రూములో ఫోను తీసి అందరికీ ఫోటోలు చూపించాను. నా మాట నమ్మి ఇద్దరు సహోద్యోగులు ఇదే అపార్టుమెంటులో, ఇదే వైపు ఇళ్లు తీసుకున్నారు. వాళ్ల సంగతి తరువాత చెబుతాను.

మార్చి రెండో వారంలో మొదటి అనుమానం వచ్చింది. అద్దం పక్కన చిన్న బల్ల మీద ఎవరో కానుకగా ఇచ్చిన పొడుగాటి కొవ్వొత్తి ఉండేది, వెలిగించనిది. ఒకరోజు కాలేజీ నుంచి వచ్చేసరికి అది నడుము వంచి బల్ల అంచు మీదుగా కిందికి చూస్తోంది. నిటారుగా ఉన్న కొవ్వొత్తి గొడుగు పిడిలా తయారైంది. నవ్వుకుని పారేశాను. అప్పుడే ఆలోచించాల్సింది.

ఏప్రిల్ చివర మా అత్తమ్మ వచ్చారు. తాడిపత్రి పక్కన పల్లె ఆమెది. పాతకాలపు మట్టి మిద్దె. రెండడుగుల మందం రాతి గోడలు, పైన చౌడు మట్టి, కింద తాడిపత్రి నల్లబండలు. బయట నలభై రెండు డిగ్రీలున్నా లోపల చాప వేసుకుంటే నిద్ర పడుతుంది. ఆ ఇంటికి పడమర వైపు కిటికీయే లేదు. ఆమె హాల్లోకి వచ్చి, అద్దాన్ని ఒకసారి పైనుంచి కిందికి చూసి, "పడమటి ఎండను పిలిచి పీట వేసినట్టుందే అమ్మాయీ, ఎవరు కట్టారు ఈ ఇల్లు?" అన్నారు. కట్టినవాళ్లు ఎక్కడివాళ్లో నాకు తెలియదు కానీ, నమూనా మాత్రం బెంగళూరుదే అని నా అనుమానం. అక్కడి చల్లదనానికి చెల్లే అద్దాన్ని రెండు వందల కిలోమీటర్లు దింపి అనంతపురం ఎండలో నిలబెట్టారు.

మూడో రోజు మధ్యాహ్నం రెండున్నరకు కరెంటు పోయింది. జనరేటరు ఉంది కదా అనుకున్నాము. ఉంది. లిఫ్టుకు, కారిడార్ దీపాలకు, ఇంటికో ఫ్యానుకు, ఒక దీపానికి. ఏసీకి లేదు. ఆ సంగతి అగ్రిమెంటులో ఉందట, మేము చదవలేదు. అప్పటిదాకా ఏసీ చాటున అద్దం తన పని తాను చేసుకుపోతోందని మాకు తెలియలేదు. పావుగంటలో ఫ్యాను కింద కూర్చుంటే వంటపొయ్యి ముందు కూర్చున్నట్టయింది. అద్దం మీద అరచెయ్యి ఆనించలేకపోయాను. సోఫా మీద చెయ్యి వేస్తే పెనం. తలుపులు జరిపితే బయటి వడగాలి. మూసేస్తే లోపలి ఉడుకు. పడకగదుల్లోకి పోదామంటే వాటి గోడలూ అప్పటికే కాగి ఉన్నాయి.

అత్తమ్మ ఏమీ అనలేదు. చాప చుట్ట చంకన పెట్టుకుని, తలుపు తీసి, కారిడార్లో లిఫ్టు పక్కన పరుచుకుని పడుకున్నారు. నాలుగువైపులా గోడలే ఉన్న ఆ మూల నిజంగానే చల్లగా ఉంది. కాసేపటికి నేనూ వెళ్లి కూర్చున్నాను. ఎదురింటి ఆవిడ తలుపు తీసి చూసి, లోపలికి వెళ్లి తన చాప, మజ్జిగ చెంబు తెచ్చుకున్నారు. పడమటి వైపు మరో ఇంట్లోని పిల్లలు క్యారమ్ బోర్డుతో వచ్చారు. ఐదు నెలలుగా లిఫ్టులో తలలు ఊపుకోవడమే తప్ప మాట కలపని మేమందరం ఆ రోజు ఆరు గంటల దాకా అక్కడే ఉన్నాము. పద్దెనిమిది వేలు అద్దె కట్టి లిఫ్టు వాకిట్లో పడుకున్నాము. అయితే ఒక మాట ఒప్పుకోవాలి, ఈ అపార్టుమెంటులో నాకున్న స్నేహాలన్నీ ఆ మధ్యాహ్నానివే.

మర్నాడు ఇంటి ఓనరుకు ఫోను చేశాను. "మంచి పరదాలు వేయించుకోండి మేడమ్" అన్నారు. తొమ్మిది వేలు పెట్టి మందపాటి పరదాలు వేయించాము. హాలు చీకటైంది, చల్లబడలేదు. ఎందుకో నిదానంగా అర్థమైంది. ఎండ అద్దం దాటి లోపలికి వచ్చేశాక దానికి పరదా అడ్డుపెట్టి లాభం లేదు. పరదా కాగుతుంది, ఆ వేడి గదిలోకే వస్తుంది, వచ్చినది మళ్లీ అద్దం గుండా తేలిగ్గా బయటికి పోదు. ఆపితే అద్దానికి బయటే ఆపాలి. పై అంతస్తు వరండా మా అద్దానికి సజ్జలాగే ఉంది, కానీ రెండు దాటాక ఎండ ఏటవాలుగా దాని కింది నుంచి దూరుతుంది. పడమటి ఎండకు నిలువుగా అడ్డం ఉండాలి. అద్దానికి ఫిల్ము అంటిస్తామంటే, వేడికి అద్దం పగిలితే ఎవరిది బాధ్యత అని ఓనరు ఒప్పుకోలేదు.

పరిష్కారం అత్తమ్మే చెప్పారు. చీనీ (బత్తాయి) నర్సరీల్లో మొక్కలకు కట్టే ఆకుపచ్చ నెట్టు. డెబ్బై ఐదు శాతం నీడనిచ్చే రకం తెచ్చి, మా వరండా రెయిలింగుకూ పైన ఇనుప చువ్వకూ కట్టాము. పదకొండు వందలు ఖర్చు. తొమ్మిది వేల పరదాలు చేయలేని పని అది చేసింది. సాయంత్రం నాలుగింటికి హాల్లో కూర్చోవచ్చు. మే నెల కరెంటు బిల్లు నెట్టు లేని మొదటి వేసవిలో ఐదు వేల ఎనిమిది వందలైతే, నెట్టు కట్టాక మరుసటి వేసవిలో మూడు వేల తొమ్మిది వందలు. యూనిట్లు పెరిగే కొద్దీ శ్లాబు మారి ధర కూడా పెరుగుతుంది కాబట్టి, ఆ ఏసీ రెండు గంటలు తగ్గినా తేడా కనిపిస్తుంది.

కాకపోతే కట్టిన నెట్టును ఆషాఢం గాలి వచ్చేలోపు తీయాలని నాకెవరూ చెప్పలేదు. పడమటి కనుమల అవతలే మేఘాలు వాన దింపుకుని, మనకు ఉత్త గాలిని పంపిస్తాయి. రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టింది ఊరికే కాదు. జూన్ చివర ఒక రాత్రంతా నెట్టు పటపటా కొట్టుకుంది, తెల్లవారేసరికి లేదు. రెండో అంతస్తులో ఆరబెట్టిన వడియాల మీద కప్పుకుని దొరికింది. క్షమించమని వెళితే ఆవిడ వడియాలు వేయించి పెట్టారు. ఇప్పుడు అంచులకు కన్నాలు వేయించి, కొక్కేలకు తగిలించి, గాలి మొదలయ్యాక చుట్టి కట్టేస్తున్నాము.

గాలి వీచే ఆ రెండు నెలలు మాత్రం ఈ అద్దాన్ని నేను ఏమీ అనను. తలుపులు పూర్తిగా జరిపితే హాలంతా గాలి, ఫ్యాను కూడా అక్కర్లేదు. ఎర్రదుమ్ము వస్తుంది, రోజూ రెండుసార్లు తుడవాలి. అయినా ఆ గాలిలో కూర్చుని ఉగ్గాని బజ్జీ తింటూ ఉంటే కొవ్వొత్తి సంగతి గుర్తురాదు.

మిగతావి రెండు ముక్కల్లో. బోరు నీళ్లు గట్టివి, కుళాయిల మీద తెల్ల మరకలు పోవు. కింద ఆసుపత్రులు, ల్యాబులు, ఓళిగల (బొబ్బట్ల) బండ్లు, ఆటోలు. రాత్రి పదకొండు దాకా సందడి. మాకు అది నచ్చింది, మందుల షాపు మెట్లు దిగితే ఉంది. నిద్ర పలచగా పట్టేవాళ్లకు నచ్చకపోవచ్చు.

మరి ఇల్లు తీసుకోవచ్చా? మేమిద్దరం ఐదింటి దాకా ఇంట్లో ఉండము, పిల్లలు హాస్టల్లో ఉన్నారు, అందుకని మాకు సాగిపోతోంది. పగలంతా ఇంట్లో ఉండే పెద్దవాళ్లు, పసిపిల్లలు ఉంటే మాత్రం మధ్యాహ్నం మూడింటికి వెళ్లి చూడండి, సాయంత్రం వద్దు. ఇదే అంతస్తులో తూర్పు వైపు ఇల్లు ఖాళీ అయితే నేనే మారిపోతానని మా ఆయనతో అంటూ ఉంటాను. పోయిన ఏడాది ఖాళీ అయింది, మేము మారలేదు. నా మాట విని వచ్చిన ఆ ఇద్దరు సహోద్యోగులకు నెట్టు నా డబ్బుతోనే కొనిచ్చాను. ఒకరు ఇంకా పూర్తిగా క్షమించలేదు. అత్తమ్మ ఇప్పుడు సంక్రాంతికే వస్తున్నారు.

ఈసారి పదకొండు నెలల అగ్రిమెంటు తిరిగి రాసేటప్పుడు నెట్టు కొక్కేల సంగతి కూడా అందులో రాయమన్నాను. ఓనరు ఒప్పుకున్నారు. కింద ఒక వరుస చేర్పించారు, ఖాళీ చేసేటప్పుడు రంధ్రాలు పూడ్చి, రంగు వేయించి ఇవ్వాలట.