లీట్‌కోడ్‌తో రెండేళ్లు: పెద్ద కంపెనీ ఉద్యోగం ఎవరికైనా వస్తుందా?

రుషికొండలో సర్వీస్ కంపెనీ ఉద్యోగం చేస్తూనే రెండేళ్లు లీట్‌కోడ్ వాడాను. కోడింగ్ ఇంటర్వ్యూల్లో అడిగేలాంటి ప్రాబ్లమ్స్ సాధన చేసే సైట్ అది. డబ్బు కట్టలేదు. ఉచితంగా ఉన్నవే 412 ప్రాబ్లమ్స్ చేశాను.

మొదటి ఆరు నెలలు వృథా, తప్పు నాదే. పావుగంటలో తట్టకపోతే సొల్యూషన్ తెరిచేసేవాణ్ణి. చదువుతుంటే అంతా వచ్చేసినట్టే ఉండేది. వారం తర్వాత అదే ప్రాబ్లమ్ రాయబోతే చెయ్యి కదిలేది కాదు. తర్వాత్తర్వాత, చూసి నేర్చుకున్న ప్రతిదాన్నీ మూడో రోజు, పదో రోజు చూడకుండా మళ్లీ రాయడం మొదలుపెట్టాను. అప్పుడు నిలిచాయి.

కొత్తవాళ్లు ముందు ప్రాబ్లమ్ కింద ఇచ్చే కన్‌స్ట్రెయింట్స్ చదవండి, అంటే ఇన్‌పుట్ ఎంత దాకా ఉండొచ్చో చెప్పే హద్దులు. ఇన్‌పుట్‌లో లక్ష అంకెల దాకా ఉన్నాయనుకోండి. లూపులో లూపు పెడితే, అంటే ప్రతి అంకెనీ మిగతా అన్నిటితో పోల్చి చూస్తే, వెయ్యి కోట్ల స్టెప్పులు. సెకనుకి పది కోట్లు వేసుకున్నా నిమిషంన్నర దాటుతుంది, ఏ టైమ్ లిమిట్టూ అంతసేపు ఆగదు. అదే సార్ట్ చేసి (వరుసలో పేర్చి) చూస్తే దాదాపు 17 లక్షల స్టెప్పుల్లో తేలిపోతుంది. ఏ దారి పట్టాలో సగం అక్కడే తెలిసిపోతుంది.

ఆదివారం పొద్దున 8 గంటలకి వీక్లీ కాంటెస్ట్. గంటన్నరలో నాలుగు ప్రాబ్లమ్స్. తొమ్మిదిన్నర దాకా అమ్మ టిఫిన్‌కి పిలిచేది కాదు.

ఎంత చేసినా, నోరు తెరిచి చెప్పడం మాత్రం లీట్‌కోడ్‌తో రాదు. మొదటి ఇంటర్వ్యూలో కోడ్ సరిగ్గానే రాశాను, నలభై నిమిషాలూ మాట్లాడకుండా. తీసుకోలేదు. ఆ తర్వాత ఎంవీపీ కాలనీలో మా డాబా మీద, బీకాం చదివే చెల్లికి తెలుగులోనే వివరించేవాణ్ణి. ఒకరోజు బైనరీ సెర్చ్ (వరుసలో ఉన్న అంకెల్లో మధ్యది చూసి, సగం వదిలేస్తూ వెతకడం) చెబుతుంటే, "అన్నయ్యా, రెండే అంకెలుంటే మధ్యది ఏది?" అంది. కాగితం మీద వేసి చూశాను. మధ్యది అంటే మొదటిదే అవుతోంది, వెతికే భాగానికి ఎడమ హద్దు అక్కడే నిలబడిపోతోంది, నా లూపు ఆగట్లేదు! ఆ హద్దుని ఒక్క అడుగు ముందుకి జరిపితే సరిపోయింది.

మూడో ఇంటర్వ్యూలో ఉద్యోగం వచ్చింది. మరి ఎవరికైనా వస్తుందా? నేర్చుకోవడం ఎవరికైనా సాధ్యమే, ఇది గట్టిగా నమ్ముతున్నాను. ఇంటర్వ్యూకి పిలుపు మాత్రం మన చేతిలో లేదు. నాకొచ్చిన మూడూ సీనియర్లు రిఫర్ చేస్తే వచ్చినవే. పైగా రోజూ రెండు గంటలు దొరకాలి. నాకంటే చురుకైన స్నేహితుడు ఒకడు అరవై ప్రాబ్లమ్స్ దగ్గర ఆపేశాడు. నైట్ షిఫ్టు, ఇంట్లో పసిబిడ్డ. వాణ్ణి చూసి "కష్టపడితే వస్తుంది" అనడానికి నాకు నోరు రాదు.

ఈ నెల వాడికి డే షిఫ్టు పడింది. సాయంత్రాలు మా డాబా మీదే, అరవై ఒకటోది నుంచి మొదలుపెట్టాం.