ఇంటర్వ్యూకి నేరుగా వెళ్లడమా, వీడియోలో మాట్లాడడమా: ఏది మేలు?

కంపెనీ వాళ్లు "వస్తారా, వీడియో కాల్‌లో మాట్లాడదామా?" అని అడిగితే ఏం చెప్పాలి? నెల్లూరు, ఒంగోలు కాలేజీల్లో ఫైనలియర్ పిల్లలకు ఇదొక పెద్ద టెన్షన్. వీలుంటే వెళ్లమనే నేను చెబుతాను. కాకపోతే వీడియోనే నయమనిపించే సందర్భాలూ ఉన్నాయి.

నెల్లూరు నుంచి చెన్నై సుమారు 175 కిలోమీటర్లు. హైదరాబాద్ అయితే ఒక రాత్రి ప్రయాణం. మొదటి రౌండ్‌లో పావుగంట మాట్లాడి పంపేస్తారని తెలిసీ అంత దూరం పోవడం దండగ. పైగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరానికి తుపాన్ల భయం. 2021 నవంబరు వరదల్లో పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు దెబ్బతిని రైళ్లు ఆగిపోయాయి. అలాంటి వారంలో "సార్, దారులు మూసేశారు, వీడియోలో మాట్లాడొచ్చా?" అని ముందురోజే అడగడం మర్యాదే. ఎలాగోలా పోదామని బయల్దేరి, మధ్యలో ఇరుక్కుని, చెప్పిన టైమ్ దాటాక ఫోన్ చేస్తేనే వాళ్లకు చిరాకు.

ఇంట్లోనే కదా అని వీడియోని తేలిగ్గా తీసుకోవద్దు. వెలుతురు ముఖం మీద పడేలా కిటికీకి ఎదురుగా కూర్చోండి. ఫోన్‌ని కళ్ల ఎత్తులో కదలకుండా నిలబెట్టండి. వైఫై పోతే వాడడానికి మొబైల్ డేటా సిద్ధంగా ఉంచుకోండి. ఆ గంటసేపు టీవీ, మిక్సీ వద్దని ఇంట్లో ముందే చెప్పండి. మాట కాస్త ఆలస్యంగా చేరుతుంది కాబట్టి, అవతలివాళ్లు ఆపాక ఒక్క క్షణం ఆగి జవాబివ్వండి. లేకపోతే మాటకు అడ్డం వస్తున్నట్టు ఉంటుంది.

వీడియోలో నాకు బాగా బాధనిపించేది మరొకటి. పక్కన స్నేహితుణ్ణి కూర్చోబెట్టుకుని జవాబులు అందుకోవడం, ఇంకో స్క్రీన్ మీద చూసి చదవడం. అడిగేవాళ్లకు ఇది తెలిసిపోతుంది. కళ్లు పక్కకి పోతుంటాయి, గొంతు చదువుతున్నట్టు మారిపోతుంది. "ఎందుకలా?" అని ఇంకో ప్రశ్న వేస్తే జవాబు ఉండదు. ఆ తర్వాత మీకు నిజంగా తెలిసింది చెప్పినా నమ్మరు. "ఇది తెలియదు సార్, ఇంతవరకు నేర్చుకున్నాను" అంటే సరిపోయేది.

నేరుగా వెళ్లినప్పుడు మర్యాద గేటు దగ్గరే మొదలవుతుంది. సెక్యూరిటీ అతనితో, రిసెప్షన్‌లో ఉన్నవాళ్లతో ఎలా మాట్లాడారన్నది లోపలికి చేరే అవకాశం చాలా ఉంది. కృష్ణపట్నం పోర్టు వైపో, చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల వైపో అయితే బస్సు దిగాక ఆటో దొరుకుతుందో లేదో ముందురోజే కనుక్కోండి. పది పదిహేను నిమిషాలు ముందు లోపలికి వెళితే చాలు. మరీ గంట ముందు చేరితే బయట టీ కొట్టు దగ్గర ఆగండి. ఒరిజినల్స్, జిరాక్సులు టెన్త్ నుంచి వరుసగా పెట్టుకోండి. తోడుగా వచ్చిన నాన్నగారు గేటు బయటే ఉంటే మంచిది. కూర్చోమన్నాక కూర్చోండి, ఫోన్ ఆపేయండి. నమస్కారం చాలు, వాళ్లు చేయి చాపితే కలపండి. మన యాస గురించి దిగులొద్దు. నిదానంగా, స్పష్టంగా మాట్లాడితే ఎవరూ తప్పుపట్టరు.

అయినా నేను వెళ్లమనడానికి అసలు కారణం వేరే ఉంది. వాళ్లు మిమ్మల్ని చూస్తారు సరే, మీరూ వాళ్లను చూస్తారు. మేనేజరు కింది ఉద్యోగులతో ఎలా మాట్లాడుతున్నాడు, ఆడవాళ్లకు టాయిలెట్ ఉందా, ఎంతమంది ఎన్నేళ్లుగా పనిచేస్తున్నారు, ఇవేవీ వీడియోలో కనపడవు. రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్‌లో రాత్రి షిఫ్ట్ అయితే ఇంటికి బస్సు ఇస్తారా అని ఆడపిల్లలు తప్పకుండా అడగాలి. చివర్లో "మీరేమైనా అడుగుతారా?" అన్నప్పుడు షిఫ్టులు, రవాణా, జీతం ఏ తేదీన ఇస్తారన్నది మెత్తగా అడగడం అమర్యాదేమీ కాదు.

కాబట్టి మొదటి రౌండ్ వీడియోలో, ఆఖరి రౌండ్ నేరుగా పెట్టమని అడగండి. ఒకటే రౌండ్ అంటే, ఛార్జీలు చేతిలో ఉండి దారి బాగుంటే వెళ్లండి. ఈలోపు ఇంకోచోట ఉద్యోగం వచ్చి వెళ్లకూడదనుకుంటే మాత్రం ముందురోజు సాయంత్రానికల్లా ఒక ఫోనో మెసేజో చేయండి. వీడియో లింకు నొక్కకుండా ఊరుకుంటే మీ కోసం ఖాళీ పెట్టిన గంట పోతుంది. ముందే తెలిస్తే ఆ టైమ్‌ని కావలిలోనో దర్శిలోనో ఎదురుచూస్తున్న మరొకరికి ఇస్తారు.