ఫోనా, లాగరా, చేతి జీపీఎస్సా: వీధులు తిరిగి మ్యాప్ గీసేవాళ్లకి ఏది మేలు?

వీధులు తిరిగి, అందరూ కలిసి గీసే ఉచిత పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌కి ఎక్కించడానికి చవకలో జీపీఎస్ లాగర్ (పోయిన దారిని ఎప్పటికప్పుడు రాసుకునే చిన్న డబ్బా) కొనాలనుకునేవాళ్లు మొదట అడిగేది "ఎన్ని మీటర్ల కచ్చితత్వం?" అని. ఒకప్పుడు నేనూ అదే అడిగేవాణ్ని. ఇప్పుడు ఎవరైనా ఓ డబ్బా తెచ్చి చూపిస్తే ముందు అడిగేది వేరు. సాయంత్రం ఇంటికొచ్చాక ఇందులోంచి ఫైలు ఎలా బయటికి తీస్తారు?

నేను కొన్న మొదటి లాగర్ అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. ఒక బటన్, మూడు లైట్లు. ముచ్చటగా పనిచేసేది. కాకపోతే డేటా తీయాలంటే తయారుచేసినవాళ్లు ఇచ్చిన డ్రైవర్, వాళ్ల సాఫ్ట్‌వేర్ ఉండి తీరాలి. రెండేళ్లకి కంప్యూటర్ మార్చాను. కొత్తదాంట్లో ఆ డ్రైవర్ ఎక్కనే లేదు, వాళ్ల సైటు అప్పటికే మూతపడింది. మూడు ఆదివారాలు ఎండలో తిరిగిన దారులన్నీ ఆ డబ్బాలో ఇరుక్కుపోయాయి. చివరికి ఓ మిత్రుడి అటక మీంచి పాత ల్యాప్‌టాప్ దింపి, దుమ్ము దులిపి, బయటికి లాగాం.

కచ్చితత్వం సంగతి చెప్పాలంటే, అమెరికా 2000 మే నెలలో జీపీఎస్ సిగ్నల్‌లో కావాలని కలిపే లోపాన్ని ఆపేశాక మామూలు రిసీవర్ల మధ్య పెద్ద తేడా మిగల్లేదు. ఆకాశం తెరిపిగా ఉంటే ఏదైనా ఐదు మీటర్లు అటూ ఇటూగా చూపిస్తుంది. తేడా తెలిసేది ఎత్తయిన గోడల మధ్య, చెట్ల కింద. సిగ్నల్ గోడకి తగిలి ఆలస్యంగా వస్తుంది కాబట్టి, మీరు ఈ పక్కన నడిచినా గీత అవతలి మేడల్లోంచి పోతుంది. అక్కడ ఒక్క ట్రాకుని, అంటే ఒక్కసారి నడిచిన గీతని, నమ్ముకుంటే పని చెడినట్టే. అదే వీధిలో నలుగురు నాలుగు రోజులు నడిచిన ట్రాకులు ఒకదాని మీద ఒకటి పరిస్తే, మధ్యలో దట్టంగా కనిపించేదే అసలు వీధి. ఉపగ్రహ చిత్రాలు ఉండగా ఇంకా ట్రాకులెందుకు అనేవాళ్లకీ నా జవాబు ఇదే. ఆ చిత్రాలు చాలాచోట్ల కొన్ని మీటర్లు పక్కకి జరిగి ఉంటాయి, కొండల్లో ఇంకా ఎక్కువ. వాటిని సరైన చోటికి జరపడానికి ఈ దట్టమైన గీతే ఆధారం. చెట్ల గుబురులో పోయే కాలిబాటైతే చిత్రంలో కనపడనే కనపడదు.

ఇక ఒక్కొక్కటీ చూద్దాం.

ఫోన్ మీ జేబులో ఎలాగూ ఉంది. ఓఎస్ఎం ట్రాకర్ లాంటి ఆప్ వేసుకుంటే నడుస్తూనే "ఇక్కడ బావి", "ఇక్కడ బస్ స్టాప్" అని బటన్ నొక్కి గుర్తు పెట్టుకోవచ్చు, గొంతుతో చెప్పుకోవచ్చు, ఫొటో తీసుకోవచ్చు. చిప్పు విషయంలోనూ చిన్నచూపు చూడాల్సిన పనిలేదు. 2018 నుంచి కొన్ని ఫోన్లు పాత 1575.42 మెగాహెర్ట్జ్ సిగ్నల్‌తో పాటు 1176.45 మెగాహెర్ట్జ్ సిగ్నల్‌నీ అందుకుంటున్నాయి. గోడలకి తగిలి వచ్చే సిగ్నల్‌ని వేరుచేయడంలో ఈ రెండోది బాగా సాయపడుతుంది. ఇరుకు వీధుల్లో అలాంటి ఫోన్ ముందు నా పాత లాగర్ నిలవదు, ఒప్పుకోవాల్సిందే.

మరి గొడవెక్కడ? బ్యాటరీ దగ్గర. తెర ఆర్పేసి జేబులో పెట్టుకున్నాక, ఛార్జింగ్ ఆదా చేస్తున్నానన్న నెపంతో ఫోన్ ఆ ఆప్‌ని నిద్రపుచ్చుతుంది. మీకు తెలియదు. ఇంటికొచ్చి చూస్తే చెరువు చుట్టూ తిరిగిన గీత, చెరువు మధ్యలోంచి రూళ్లకర్రతో గీసినట్టు ఉంటుంది. సెట్టింగుల్లో ఆ ఆప్‌కి బ్యాటరీ ఆదా తీసేస్తే చాలావరకు కుదురుతుంది, కానీ ఆ సెట్టింగ్ ఒక్కో ఫోన్లో ఒక్కో మూల దాక్కుని ఉంటుంది. పదిమంది వాలంటీర్లున్నారనుకోండి, పది రకాల ఫోన్లలో దాన్ని వెతికేసరికి పొద్దు నెత్తికెక్కుతుంది.

లాగర్ సంగతికొస్తే, దానికి ఫోన్ రాదు, మెసేజ్ రాదు, తెర కూడా ఉండదు. స్విచ్ వేసి సంచి భుజం పట్టీకి తగిలించుకుంటే చాలు. వీటిలో రెండు జాతులున్నాయి, కొనేముందు ఏ జాతో తేల్చుకోవాలి. ఆమోడ్ ఏజీఎల్ 3080 లాంటివి కంప్యూటర్‌కి తగిలిస్తే పెన్ డ్రైవ్‌లా తెరుచుకుంటాయి. లోపలుండేది మామూలు టెక్స్ట్ ఫైలు. తెరిస్తే ప్రతి వరుసా డాలర్ గుర్తుతో మొదలై, సమయం, అక్షాంశం, రేఖాంశం, వేగం కామాలతో విడివిడిగా కనిపిస్తాయి. దాన్ని జీపీఎస్ బేబెల్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో జీపీఎక్స్‌గా (ట్రాకులు పంచుకునే మామూలు ఫైలు పద్ధతి) మార్చుకోవడం నిమిషం పని. ఇరవై ఏళ్ల తర్వాతైనా ఆ ఫైలు చదవొచ్చు.

రెండో జాతి హోలక్స్ ఎం 241, ఐ బ్లూ 747, క్యూస్టార్జ్ బీటీ క్యూ 1000 లాంటివి. ఇవి డేటాని సొంత పద్ధతిలో దాచుకుంటాయి, అడిగితేగానీ ఇవ్వవు. అయినా వీటిలో మీడియాటెక్ చిప్పు ఉంటుంది కాబట్టి బీటీ 747 అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అన్నిటితోనూ మాట్లాడగలదు. తయారుచేసినవాళ్లు చేతులెత్తేసినా మనకి దిక్కుంటుంది. ఇలా బయటివాళ్లు రాసిన సాఫ్ట్‌వేర్ ఉన్నదేనా అని చూడకుండా ఈ జాతి లాగర్ కొనొద్దు. నా మొదటి లాగర్‌కి లేనిది అదే.

బ్యాటరీ కూడా చూడండి. హోలక్స్‌ది ఒకే ఒక్క పెన్సిల్ సెల్లు, ఆమోడ్‌వి మూడు సన్న సెల్లులు, అంటే దారిలో ఏ చిన్న కొట్లోనైనా దొరుకుతాయి. ఐ బ్లూ, క్యూస్టార్జ్‌లలో పాత నోకియా ఫోన్ల బీఎల్ 5సీ రకం బ్యాటరీ పడుతుంది, అదీ నయమే. లోపలే అతికించేసిన బ్యాటరీ ఉన్నదైతే, అది నీరసించిన రోజున లాగర్‌ని కూడా పక్కన పెట్టేయాల్సిందే.

నడిచేవాళ్లకి ఇంకో చిక్కుంది, దీని గురించి పెద్దగా ఎవరూ చెప్పరు. సర్ఫ్ అనే కంపెనీ చిప్పులున్న కొన్ని రిసీవర్లు కార్ల కోసం తయారైనవి. ఎర్ర దీపం దగ్గర కారు ఆగినప్పుడు చుక్క అటూ ఇటూ కదలకుండా, వేగం బాగా తగ్గితే పొజిషన్‌ని అక్కడే గడ్డకట్టించేస్తాయి. మెల్లగా నడుస్తూ ఇంటి నంబర్లు రాసుకునే మనిషిని కూడా అవి ఆగిపోయాడనే అనుకుంటాయి. గీత ఓచోట కదలక మెదలక ఉండి, ఉన్నట్టుండి పాతిక మీటర్లు గెంతుతుంది. ఆ సదుపాయం ఆపేయగలిగే రిసీవరేనా అని ముందే కనుక్కోవాలి.

ఎన్ని సెకన్లకోసారి రాయించాలన్నదీ తేల్చుకోవాలి. గంటకి 18 కిలోమీటర్ల వేగంతో సైకిల్ మీద పోతే సెకనుకి ఐదు మీటర్లు. ఐదు సెకన్లకోసారి పాయింట్ పెడితే రెండు పాయింట్ల మధ్య పాతిక మీటర్లు, ఈలోపు సందు మలుపు కాస్తా తెగిపోతుంది. హోలక్స్‌లో పట్టేది 1,30,000 పాయింట్లు. సెకనుకొకటి చొప్పున రాసినా 36 గంటలు వస్తుంది, కాబట్టి పిసినారితనం అక్కర్లేదు. సెకనుకొకటి పెట్టేయండి.

చేతి జీపీఎస్ అంటే గార్మిన్ ఇట్రెక్స్ లాంటివి. తెర ఉంటుంది, బటన్లు ఉంటాయి, వానలో తడిసినా ఏమీ కాదు, రెండు పెన్సిల్ సెల్లులతో పొద్దంతా లాగిస్తుంది. అడవి దారుల్లో తిరిగేవాళ్లకి దీన్ని మించింది లేదు. కానీ మన మూడింటిలో ఖరీదైనదీ ఇదే. పాత మోడళ్లలో ఒక మెలిక కూడా ఉంది. ట్రాకుని "సేవ్" చేస్తే అది పాయింట్లని కుదించేసి, సమయాలు చెరిపేస్తుంది. సమయం లేని ట్రాకుని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ తీసుకోదు. సేవ్ జోలికి పోకుండా, నడుస్తున్న లాగ్‌నే నేరుగా దింపుకోవాలి.

నాలుగోదారి, సొంతంగా చేసుకోవడం. నియో 6ఎం అనే జీపీఎస్ మాడ్యూల్, చిన్న మైక్రోకంట్రోలర్, మెమరీ కార్డు. విడిభాగాల లెక్కలో అన్నిటికంటే చవక, మీ సాయంత్రాల లెక్కలో అన్నిటికంటే ఖరీదు. రాస్తుండగా కరెంటు పోతే కార్డులో ఫైలు పాడవకుండా చూసుకోవడమే సగం పని. సరదా ఉంటే చేయండి, పదిమందికి పంచే ఉద్దేశంతో మాత్రం వద్దు.

నన్నడిగితే, ఒక్కరే తిరిగేవాళ్లు విడిగా ఏమీ కొనక్కర్లేదు, ఫోన్ బ్యాటరీ సెట్టింగ్ సరిచేసుకుని ఒక పవర్ బ్యాంక్ వెంటేసుకుంటే చాలు. బృందానికి కొనేటప్పుడు మాత్రం పెన్ డ్రైవ్‌లా తెరుచుకునే, సెల్లులతో నడిచే లాగర్లు, అన్నీ ఒకే మోడల్‌వి తీసుకోండి. వెనకాల నంబర్ అంటించండి. కొత్తగా వచ్చినవాళ్ల చేతిలో పెట్టి "ఈ లైటు మెరిసేదాకా ఆగి నడవండి" అంటే సరిపోతుంది, వాళ్ల ఫోన్ అడిగి తీసుకుని సెట్టింగులు కెలకాల్సిన అవసరం రాదు. తిరిగొచ్చాక అప్‌లోడ్ చేసేముందు ట్రాకు మొదలూ చివరా కత్తిరించడం మరవకండి. చాలామంది ఇంటి గుమ్మంలోనే స్విచ్ వేస్తారు, వాళ్ల ఇల్లెక్కడో లోకమంతటికీ చెప్పాల్సిన పనిలేదు.

ఈ లాగర్లు చాలావరకు ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లోనే దొరుకుతాయి. చూడటానికి వెళ్లినప్పుడు ఆరుబయట ఓ పావుగంట ఉంచండి, ఏ ఉపగ్రహం ఎక్కడుందో చెప్పే పట్టిక మొత్తం అందడానికే పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. తర్వాత ఆ వీధి చుట్టూ నెమ్మదిగా ఓ చుట్టు నడిచి, అక్కడే ఫైలు తీయించి, తేదీ చూడండి. జీపీఎస్ సిగ్నల్‌లో వారం సంఖ్యకి 10 బిట్లే కేటాయించారు, అందుకే 1024 వారాలకోసారి లెక్క సున్నాకి వస్తుంది. 2019 ఏప్రిల్‌లో అలా వచ్చింది. పాత చిప్పులు కొన్ని అప్పుడు, కొన్ని ఆ తర్వాత తడబడి, తేదీని దాదాపు ఇరవై ఏళ్లు వెనక్కి రాస్తున్నాయి. గీతకి ఏమీ కాదు గానీ దారిలో తీసిన ఫొటోల సమయాలతో పొంతన కుదరదు, ఏది ఎక్కడ తీశారో తేలదు. ప్రతి పాయింటుకీ 7168 రోజులు కలిపితే సరిపోతుంది. ఆ మాట అమ్మేవాళ్లకి చెప్పకండి, బేరం ఆడటానికి అంతకంటే మంచి సాకు దొరకదు.